లదేణి దారుల నుంచి ఎవరెస్టు దాకా



ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి తూర్పుకు చూస్తే విజయవాడ రోడ్డు, దక్షిణానికి తిరిగితే సాగర్ రోడ్డు. మనలో సగం మంది ఈ రెండు రోడ్ల మీదనే పట్నంలో దిగినవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, చైతన్యపురి గల్లీలో నలుగురం కలిసి తీసుకున్న గది, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారకముందే సరూర్‌నగర్ స్టేడియం దగ్గర పరుగు. మీలో చాలామందికి ఇప్పుడు నడుస్తున్న కథే ఇది. మాకు గడిచిపోయిన కథ.

సేవాలాల్ మహారాజ్ జయంతి పనుల మీద కూర్చున్న ఒక సాయంత్రం, డిగ్రీ చదువుతున్న ఒక చెల్లె అడిగింది: "అన్నా, మనోళ్లు కొండలెక్కడం పూర్ణతోనే మొదలైందా? అంతకుముందు ఎవరూ లేరా?" అప్పటికప్పుడు తలా ఒక మాట చెప్పాం. ఒకరు చెప్పిన తారీఖు ఇంకొకరు చెప్పినదానితో కలవలేదు. మన చరిత్ర మనకే సరిగ్గా తెలియదని ఆ రోజు కొంచెం సిగ్గుపడ్డాం. అందుకే ఈ సంచికకు మామూలు శుభాకాంక్షల వ్యాసం పక్కన పెట్టి, ఆ చెల్లె ప్రశ్నకు జవాబు రాస్తున్నాం.

జవాబు లదేణితో మొదలుపెట్టాలి. ఈ మాట మీ తాతలకు తెలుసు, మీకు తెలియకపోవచ్చు. ఎద్దుల వీపుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊళ్లకు ఊళ్లు దాటుకుంటూ పోయే వ్యాపారమే లదేణి. లవణం మోసేవాళ్లు కాబట్టి లంబాడీలనే పేరొచ్చిందని చెప్పేవాళ్లు ఉన్నారు. పేరు సంగతి ఎట్లా ఉన్నా, పని మాత్రం కాగితాల మీద ఉంది. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో ఉత్తరాదిన ప్రయాణం చేస్తూ, 14,000 ఎద్దుల మీద ధాన్యం వేసుకుని పోతున్న ఒక గుంపు ఎదురైందని రాసుకున్నాడు. ఆ గుంపుకు అతను రాసిన పేరు 'తండా'. నాలుగు వందల ఏండ్ల కింద ఒక పరదేశి పుస్తకంలో మన మాట అది. గోల్కొండ వజ్రాల కోసం మన వైపు వచ్చిపోయిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా పది, పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూశాడు. ఇరుకు దారిలో అవి ఎదురైతే అన్నీ దాటిపోయేదాకా ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట.

ఆ ఎద్దులు నడిచింది చదును నేల మీద మాత్రమే కాదు. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు దక్కన్ పీఠభూమి మీదికి రావాలంటే కొండలు ఎక్కాలి, కనుమలు దాటాలి. బండి చక్రం తిరగని చోట ఎద్దు గిట్ట నడిచింది, ఎద్దు వెనక మన ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని నడిచారు. టిప్పు సుల్తాను మీద యుద్ధాలకు పోయిన ఇంగ్లీషు సైన్యానికి కొండదారుల్లో ధాన్యం అందించినవాళ్లలో మనవాళ్లున్నారు. ఆ మాట గర్వంగా చెప్పుకోవాలో లేదో మాకు తెలియదు. ధాన్యం కొన్నవాడికి అమ్మారు, అది వాళ్ల బతుకు.

తర్వాత రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో లైను పడింది. ఎద్దు నెల రోజులు మోసే బరువును రైలు ఒకటి రెండు రోజుల్లో దించేసింది. అంతకు మూడేండ్ల ముందే, 1871లో, ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం చేశారు. దేశంలో చాలాచోట్ల, తిరిగే బతుకున్న జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టిన చట్టం అది. అది రద్దయింది 1952లో. నడకే వృత్తిగా ఉన్న జాతికి నడవడమే నేరమైంది. లదేణి ఆగిపోయి, ఎద్దులు అమ్ముడుపోయి, తండాలు గుట్టల పక్కన, ఊళ్లకు దూరంగా కుదురుకున్నాయి. తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డు తెగగా గుర్తించింది 1976 చట్టంతోనే. ఇదే పట్నంలో బంజారాహిల్స్ అనే పేరు మిగిలింది. ఆ పేరున్న కొండ మీద ఇప్పుడు మనకు అద్దె గది కూడా దొరకదు. అందుకే కదా అందరం ఇటు తూర్పు వైపు ఉన్నాం!

కొండ ఎక్కడం అంటే లంబాడీల గురించే చెప్పి ఊరుకుంటే తప్పు. నల్లమలలో చెంచుల తేనె వేట సంగతి మన సంఘంలోని చెంచు తమ్ముళ్లే మాకు చెప్పాలి, మేము వాళ్లకు చెప్పడం కాదు. అయినా ఒక ముచ్చట రాయకుండా ఉండలేం. నిలువు బండకు వేలాడే తేనెపట్టు కోసం పైనుంచి తాడు కట్టుకుని మనిషి కిందికి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకోవలసింది బావమరిది అంటారు. సొంత తమ్ముడైనా తాడు వదలవచ్చునేమో గానీ, తన అక్క పసుపుకుంకుమలు ఆ తాడుకే ఉన్నాయి కాబట్టి బావమరిది వదలడని లెక్క. ఇప్పుడు భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్పేటప్పుడు మొట్టమొదట చెప్పేది కూడా ఇదే: పైకి ఎక్కేవాడి ప్రాణం కింద తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది, కన్ను పక్కకు తిప్పొద్దు. ఈ తాడు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంకో చిత్రమైన సంగతి. ఎవరెస్టు అన్న పేరు మోసిన మనిషి మన అడవుల్లో జ్వరంతో పడి ఉన్నాడు. జార్జి ఎవరెస్టు 1818 చివరలో హైదరాబాదు వచ్చి, దేశమంతా కొలిచే మహా సర్వేలో లాంబ్టన్ దగ్గర సహాయకుడుగా చేరాడు. మరుసటి ఏడు వానాకాలంలో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలకు పోయాడు. మనవాళ్లకు ఏటా వచ్చే అడవి జ్వరం అతనికీ, అతని మనుషులకూ పట్టుకుంది. బతికి బయటపడ్డాడు గానీ, ఆరోగ్యం కుదుటపడడానికి ఆఫ్రికా దక్షిణాన ఉన్న కేప్‌దాకా పోవలసి వచ్చింది. అతను 1843లో దేశం వదిలి వెళ్లిపోయాడు. హిమాలయాల్లో పదిహేనో నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తని లెక్క తేల్చింది 1852లో, రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణితజ్ఞుడు. పేరు మాత్రం లెక్క తేల్చినవాడిది పెట్టలేదు. టిబెట్టువాళ్లు చొమొలుంగ్మా అని పిలుచుకునే కొండకు పాత దొర పేరు పెట్టారు. తన పేరు ఇక్కడి జనం నోట తిరగదని ఆ దొరే అభ్యంతరం చెప్పాడంటారు. ఇప్పుడు మన తండాల్లో మూడో తరగతి పిల్ల కూడా ఆ పేరు తడబడకుండా చెబుతుంది. చెప్పేటట్టు చేసింది పూర్ణ.

ఆ కథ కొంచెం నిదానంగా చెప్పుకుందాం.

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల. వ్యవసాయ కూలీల బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ గురుకులాల సంస్థకు కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్, పిల్లలకు చదువుతోపాటు సాహస క్రీడలు నేర్పించాలని పూనుకున్నారు. ఎంపికైన పిల్లలకు భువనగిరి గుట్ట మీద శిక్షణ. శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి. ఒకే రాయిగా నిలిచిన ఆ గుట్టను దూరం నుంచి చూస్తే గుడ్డు పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. దగ్గరికి పోయి తల ఎత్తి చూస్తే కాళ్లు వణుకుతాయి. పూర్ణ కూడా మొదట భయపడ్డదట. ఎక్కి దిగిన తర్వాత ఆ భయం పోయిందని తనే తర్వాత చాలాసార్లు చెప్పింది.

వంద మందికి పైగా మొదలుపెట్టిన వడపోతలో కొద్దిమందే మిగిలారు. వాళ్లను డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకు పంపారు. 1953 మే 29న హిల్లరీతో కలిసి ఎవరెస్టు మీద మొదట అడుగుపెట్టిన టెన్జింగ్ నార్గే, మరుసటి ఏడు మొదలైన ఆ సంస్థలోనే ఏండ్ల తరబడి పాఠం చెప్పాడు. ఆ టెన్జింగ్ కూడా బరువులు మోసే కూలీగానే కొండ మీదికి పోవడం మొదలుపెట్టినవాడని మరిచిపోవద్దు. ఆ తర్వాత చలికాలంలో లడఖ్. అన్నీ దాటాక ఎవరెస్టుకు ఇద్దరు మిగిలారు. ఒకరు పూర్ణ. ఇంకొకరు అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం కలేరుకు చెందిన దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్. చర్ల గోదావరి ఒడ్డు అడవి మండలం. జార్జి ఎవరెస్టును జ్వరంతో కూలదోసిన గోదావరి అడవుల వైపు నుంచి ఒక పిల్లవాడు అతని పేరున్న కొండ ఎక్కడానికి బయలుదేరాడు. ఇది మేము కల్పించిన పోలిక కాదు, పటం తీసి చూసుకోండి.

నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేండ్లు నిండాలి. పూర్ణకు పద్నాలుగు కూడా నిండలేదు. అందుకని టిబెట్టు వైపు నుంచి, ఉత్తరపు దారిన పోయారు. అది గాలి ఎక్కువ, చలి ఎక్కువ ఉన్న దారి. సుమారు 8,600 మీటర్ల ఎత్తున నిలువు బండకు నిచ్చెన బిగించి ఉంటుంది. చైనావాళ్లు 1975లో మొదట పెట్టిన నిచ్చెన దారి అది. అక్కడ ఒక్కో మెట్టు ఎక్కి ఊపిరి కోసం ఆగాలి. శిఖరం మీద గాలిలో ప్రాణవాయువు మన ఎల్బీనగర్‌లో ఉన్నదాంట్లో మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది. దారిలో, దించలేక వదిలేసిన శవాలు కనిపించాయని పూర్ణ తర్వాత విలేకరులకు చెప్పింది. 2014 మే 25 ఉదయం ఆమె శిఖరం మీద నిలబడింది. పుట్టింది 2000 జూన్ 10. అంటే 13 ఏండ్ల 11 నెలల వయసు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో అప్పటికి లేదు. ఎనిమిది రోజుల తర్వాత, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం వచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఏడు ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. అందరూ బరువులు మోసే, దారి వేసే నేపాలీలే, ఎక్కువమంది షెర్పాలే. ఆ వార్త వచ్చాక కూడా ఇద్దరు పిల్లలను పైకి పోనిచ్చారు. గెలిచారు కాబట్టి ఇవాళ పండుగ చేసుకుంటున్నాం. ఏమన్నా అయి ఉంటే? పదమూడేండ్ల బిడ్డను అక్కడికి పంపడం సబబేనా? ఈ ప్రశ్న మీద మా కూర్చోళ్లలో రెండు పక్షాలు ఎప్పుడూ ఉన్నాయి. "డబ్బున్నోళ్ల పిల్లలు పోతే సాహసం, మన పిల్లలు పోతే పాపమా?" అని ఒకరు. "మన బిడ్డ ప్రాణంతో పరీక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదు" అని ఇంకొకరు. ఇప్పటికీ తేలలేదు. మీరు కూడా వాదించుకోండి. కానీ వాదించేముందు ఒకటి తెలుసుకోండి: ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్‌బ్రుస్, 2019లో అకాంకాగువా, కార్స్‌టెంజ్, అదే ఏడు డిసెంబరు 26న అంటార్కిటికాలో విన్సన్. 2022 జూన్ 5న అలాస్కాలో దెనాలి. ఏడు ఖండాల ఏడు శిఖరాలు పూర్తయ్యేసరికి ఆమెకు ఇంకా 22 నిండలేదు. పదమూడేండ్ల పిల్లను ఎవరో పంపారు అనుకుందాం. తర్వాతి ఆరు కొండలకు పోవాలన్న నిర్ణయం ఆమెదే కదా.

పూర్ణకంటే ముందు తెలుగు నేల నుంచి ఈ ఏడు శిఖరాల దారి వేసినవాడు మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం అనే పల్లెవాడు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివేటప్పుడు, అదే బడిలో చదివి 1985లో ఎవరెస్టు మీద ప్రాణం విడిచిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కరరావు విగ్రహం చూసి కొండల మీద మనసు పెట్టుకున్నాడు. 2006లో 172 రోజుల్లో ఏడు శిఖరాలూ ఎక్కాడు. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ఆండీస్ కొండల్లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. నలభై ఒకటి నిండని వయసు. కొండ ఎవరికీ చుట్టం కాదు.

ఇప్పుడు మన సాగర్ రోడ్డుకు వద్దాం. ఎల్బీనగర్ నుంచి బీఎన్‌రెడ్డి నగర్, ఇబ్రహీంపట్నం దాటితే యాచారం మండలం. ఆ మండలంలోని తక్కెళ్లపల్లి తండా కుర్రవాడు ఆంగోత్ తుకారాం. గురుకులం పంపిన పసివాడు కాదు, పెరిగి పెద్దయ్యాక తన కాళ్ల మీద తాను కొండలకు పోయినవాడు. ముందు కిలిమంజారో ఎక్కి, 2019 మే 22న నేపాల్ వైపు దక్షిణపు దారిన ఎవరెస్టు చేరాడు. శిఖరం కింద మనుషులు చీమల బారులాగా నిలబడిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది, మీరూ ఫోన్లో చూసే ఉంటారు. అది అదే మే నెల ఫోటో. ఆ సీజన్‌లో రెండు వైపులా కలిపి 11 మంది చనిపోయారు. అక్కడ బారులో నిలబడడం మన దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో నిలబడడం లాంటిది కాదు. వీపు మీది సిలిండర్‌లో గాలి అయిపోతూ ఉంటుంది.

తుకారాం తర్వాత మన తండాల నుంచి, గూడేల నుంచి కొండలకు పోయే పిల్లలు పెరిగారు. సంతోషమే. అయితే వాళ్లలో కొందరి చేతిలో ఉన్న ఫైలును కూడా మేము చూశాం. ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు, పేపరు కటింగులు, ఒక ఖర్చుల అంచనా కాగితం. ఆ ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ, నాయకుల ఇండ్ల చుట్టూ తిరుగుతారు. ఎవరెస్టుకు నేపాల్ ప్రభుత్వానికి కట్టే అనుమతి రుసుమే ఏండ్ల తరబడి 11,000 డాలర్లు ఉండి, 2025 సెప్టెంబరు నుంచి 15,000 అయింది. షెర్పా జీతం, ప్రాణవాయువు, బట్టలు, విమానం వేరే. ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చినప్పుడు మేము చందాలు పోగుచేసి ఇచ్చింది అతని బూట్లకు కూడా సరిపోలేదు. వడ్డీకి తెచ్చి పోయాడు. పోయి వచ్చాడు, ఫోటోలు దిగాం, శాలువా కప్పాం. అప్పు మాత్రం అతనే కట్టుకున్నాడు. మా తప్పు కూడా అందులో ఉందని ఇక్కడ రాస్తున్నాం. శాలువా కప్పినంత తేలికగా అప్పు గురించి అడగలేకపోయాం.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలోని కొస్కియుస్కో 2,228 మీటర్లు. కొంత దూరం కుర్చీలిఫ్టులో పోయి, మిగతాది బాట మీద నడవచ్చు. అకాంకాగువా 6,961 మీటర్లు. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండింటికీ ఒకటే మాట: "ప్రపంచ రికార్డు". కొస్కియుస్కో చిన్నదని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. తండా నుంచి ఆస్ట్రేలియా దాకా పోవడమే ఒక ఎక్కుడు. కానీ ఏది ఎంతదో తెలిసి చెప్పుకోవాలి. 2016లో పుణే పోలీసు దంపతులు ఎవరెస్టు ఎక్కామని ఫోటోలు మార్చి చూపించి, దొరికిపోయి, నేపాల్‌లో పదేండ్ల నిషేధం తెచ్చుకున్నారు. ఒక్క అబద్ధం బయటపడితే, నిజంగా ఎక్కిన పది మందినీ జనం అనుమానంగా చూస్తారు. మనల్ని అనుమానంగా చూడడానికి చట్టమే చేసిన రోజులు ఉన్నాయి కదా, మనకు ఇంకా జాగ్రత్త కావాలి.

తాడు సంగతి మళ్లీ వస్తుందన్నాం. ఈ చరిత్ర అంతా చదివితే మాకు కనిపించింది ఆ తాడే. పూర్ణ ఒక్కతే ఎక్కలేదు. అన్నం పెట్టిన హాస్టల్, గుట్ట చూపించిన మాస్టరు, ప్రభుత్వ సొమ్ము, సంతకం పెట్టిన తల్లిదండ్రులు, మంచు మీద ముందు నడిచిన షెర్పా, ఇంతమంది తాడు పట్టుకున్నారు. ఆ తాడు పట్టేవాళ్లు లేనిచోట, వడ్డీకి తెచ్చిన తమ్ముడు తాడు లేకుండానే ఎక్కాడని మాకు అనిపిస్తుంది. షెర్పాల గురించి చదివినప్పుడల్లా మా లదేణి తాతలే గుర్తుకొస్తారు. బరువు వాళ్లది, దారి వాళ్లది, పుస్తకాల్లో పేరు ఇంకొకరిది.

అందుకని ఈ ఏడు సంఘం తరఫున ఒక పని మొదలుపెట్టాం. మన తండాల నుంచి, గూడేల నుంచి కొండలకు పోయిన ప్రతి ఒక్కరి వివరాలు ఒక రిజిస్టరులో రాస్తున్నాం. కొండ పేరు, ఎత్తు, ఏ దారిన పోయారు, ఏ తేదీన, శిఖరం అందిందా లేక మధ్యలో తిరిగి వచ్చారా. తిరిగి వచ్చినా రాయండి, సిగ్గు లేదు. ఖర్చు ఎంత, అప్పు ఎంత మిగిలింది అనే గడి కూడా ఉంది. వర్షాలు తగ్గాక ఒక ఆదివారం భువనగిరి గుట్టకు పోదాం. ఉప్పల్ మీదుగా వరంగల్ దారిలో యాభై కిలోమీటర్ల లోపే. కోచింగ్ పరీక్ష ఉన్నవాళ్లు ముందే చెప్పండి, తేదీ మారుస్తాం. బూట్లు లేనివాళ్లు కూడా రండి.

రిజిస్టరులో చివరి గడి మా పెద్దల్లో ఒకరు పట్టుబట్టి పెట్టించారు. మీతో నడిచిన షెర్పా పేరు, అతని ఊరు. తెలియకపోతే ఫోన్ చేసి కనుక్కుని రాయండి.